రెండో కర్ర

స్కూలు బస్సు నడుపుకునే మనిషి విమానం నడపడం ఎందుకు నేర్చుకుందంటే, మొగుడికి షుగరు వచ్చింది కాబట్టి. వినడానికి తమాషాగా ఉంటుంది గానీ జరిగింది అదే.

ఆయన వడ్రంగి. తలుపులు, కిటికీలు, వంటింటి అరలు చేసేవాడు. పెళ్ళయిన కొత్తలో అందరూ సెలవు రోజున పెళ్ళాల్ని సినిమాకి తీసుకెళితే, ఈయన ఊరి చివర ఫ్లయింగ్ క్లబ్బు కంచె దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టేవాడు. చిన్న విమానం ఒకటి గడ్డి మీద పరుగెత్తి లేస్తుంటే ఆయన మెడ దానితోపాటే తిరిగేది.

"ఇలాంటివి చెక్కతో కూడా చేసుకోవచ్చట, తెలుసా?" అనేవాడు.

"ముందు మన వీధి తలుపు చూడండి. వానకి ఉబ్బి మూసుకుని చావడం లేదు," అనేది ఆమె.

ఊరందరికీ తలుపులు చేసేవాడి ఇంట్లో తలుపు మాత్రం అలాగే ఉండేది.

ఒక్కతే కూతురు. ఆ పిల్ల చదువు ముగించి, మందుల కంపెనీలో ఉద్యోగం దొరికి వేరే ఊరు వెళ్ళాక, ఆయన ఇంటి వెనక షెడ్డు ఖాళీ చేశాడు. నక్షలు తెప్పించాడు. పగలంతా ఊళ్ళోవాళ్ళ కిటికీలు, సాయంత్రమైతే తన రెక్కలు. సన్నటి బద్దలు ఒకదానికొకటి జిగురుతో అతికించి, బిగింపులు వేసి, అవి ఆరేదాకా పసిపిల్లకి జ్వరం వచ్చినట్టు పక్కనే కూర్చునేవాడు. ఆమె బస్సు అప్పజెప్పి వచ్చి, మొహం కడుక్కుని, అటు పట్టుకోమంటే అటు, ఇటు పట్టుకోమంటే ఇటు పట్టుకునేది. రెక్కల మీద కప్పిన గుడ్డ డోలు చర్మంలా బిగుసుకునేదాకా ఇస్త్రీ పెట్టెతో వేడి పెట్టింది ఆమే. ఇంట్లో చొక్కాలు మాత్రం ఇస్త్రీ మొహం చూడకుండానే తిరిగేవి. వీధిలో ఆయన్ని రెక్కలాయన అనేవారు. మొదట్లో వెక్కిరింపుకి అన్నారు. ఏళ్ళు గడిచేసరికి అదే ఆయన పేరైపోయింది.

తీరా విమానానికి ఒక రూపం వచ్చేసరికి ఒంట్లో షుగరు ముదిరింది. రోజూ ఇంజెక్షన్ తప్పదన్నారు. ఇంజెక్షన్ మీద బతికేవాళ్ళకి పైలట్ లైసెన్సు రాదని, ఆ పరీక్షలు చేసే డాక్టరు మెత్తగానే చెప్పాడు. ఆయన ఇంటికొచ్చి, షెడ్డుకి తాళం వేసి, మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. కంచం ముందు పెడితే తినేవాడు. పిలిస్తే ఊ అనేవాడు. అంతకుమించి మాట లేదు.

ఒక ఆదివారం ఆమె వీధి వాకిట్లో కారు అద్దాలు తుడుస్తుంటే వెనక వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు నేర్చుకోరాదూ?"

"ఏం నేర్చుకోను?"

"విమానం."

ఆమె తడిగుడ్డ పిండుతూ ఉండిపోయింది. "బస్సైతే బ్రేకు తొక్కితే ఆగుతుందండీ. అది గాల్లో ఎక్కడ ఆగుతుంది?"

"బస్సు నిండా పిల్లల్ని ఎక్కించుకుని ఆ ట్రాఫిక్‌లో తిరుగుతున్నావు. నీకు భయమేంటి?"

"భయం కాదు. జనం నవ్వుతారు."

"నన్ను చూసి ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు. ఏం తరిగిపోయాను?"

ఆయన అన్ని మాటలు కలిపి మాట్లాడి చాలా రోజులైంది. ఆమె సరేనంది. ఆయన కోసమే ఒప్పుకున్నానని చాలాకాలం అనుకుంది కూడా. కానీ క్లబ్బు విమానంలో రెండోసారో మూడోసారో పైకి వెళ్ళినప్పుడు, తను రోజూ హారన్ కొట్టుకుంటూ ఈదే రోడ్లన్నీ కింద చప్పుడు లేకుండా పడి ఉండటం చూసింది. ఇది నాకు కూడా కావాలి అనిపించింది. ఆ మాట ఎందుకో ఆయనకి చెప్పలేదు. ఆయనది లాక్కున్నట్టు అవుతుందని మొహమాటం.

నేర్పినాయన్ని అందరూ మాస్టారు అనేవారు. తల పండిన మనిషి, గొంతు పెంచడం ఎరగడు. కానీ చెప్పిందే పదిసార్లు చెప్పేవాడు. "చూడమ్మా, లేచిన కాసేపటికే ఇంజిను ఆగిపోయిందనుకో. ప్రాణం వెనక్కి లాగుతుంది. రన్‌వే వెనకే ఉంది కదా, తిరిగి వెళ్ళిపోదాం అనిపిస్తుంది. తిరగొద్దు. అంత తక్కువ ఎత్తులో తిరిగితే వేగం చచ్చిపోయి రాయిలా పడతావు. ముక్కు దించు. ఎదర ఏది కాస్త చదునుగా కనిపిస్తే అందులో దిగిపో. విమానం పోతే పోనీ."

"ఆ చివరి మాట మా ఆయన వినేలా అనకండి మాస్టారూ," అని ఆమె నవ్వింది.

ఈలోగా ఆయన షెడ్డు తాళం తీసి విమానం పూర్తిచేశాడు. ఆమె పరీక్షలు నెగ్గింది. తనిఖీకి వచ్చినవాళ్ళు ఆయన చేసిన విమానాన్ని వేళ్ళతో తట్టి, అద్దం పెట్టి సందులన్నీ చూసి, సంతకాలు పెట్టారు. ఆమె దాన్ని మొదటిసారి ఒంటరిగా పైకి తీసుకెళ్ళి దింపిన రోజున ఆయన కంచె పట్టుకుని ఏడ్చాడని మాస్టారు చెప్పాడు. ఆయన మాత్రం కంట్లో నలుసు పడిందన్నాడు. ఒంటరిగా తిరగాల్సిన గంటలు పూర్తయ్యాక, పక్కన ఒకర్ని కూర్చోబెట్టుకోవడానికి అనుమతి వచ్చింది.

అందులో పక్కపక్కనే రెండు సీట్లు. ఒక్కో సీటు ముందు ఒక్కో కర్ర. విమానాన్ని పైకీ కిందికీ నడిపేది, పక్కలకి ఒరిగించేది ఆ కర్రే. రెంటికీ లోపల లంకె ఉంటుంది, ఒకటి కదిపితే రెండోదీ కదులుతుంది. చీల తీస్తే రెండో కర్ర ఊడి వస్తుంది. నడపడం రానివాళ్ళు కూర్చునేటప్పుడు అది ఊడదీయాలని మాస్టారు చెప్పాడు. ఆమె చీల మీద చెయ్యి వేస్తే ఆయన అడ్డుపడ్డాడు.

"ఉండనీవే. నేను చెక్కిన కర్ర. ఊరికే చెయ్యి ఆనించి కూర్చుంటాను."

ఆమె ఉండనిచ్చింది. ఆ రోజే కాదు, ఆ తర్వాత వెళ్ళిన ప్రతిసారీ.

ఆ ఏడు ముసురు పట్టి వారాల తరబడి వదల్లేదు. విమానం క్లబ్బు షెడ్డులోనే ఉండిపోయింది. వాన వెలిసిన మొదటి శనివారం పొద్దున్నే ఇద్దరూ వెళ్ళారు. నేల ఇంకా చిత్తడిగా ఉంది. ఆమె విమానం చుట్టూ తిరిగి చూసుకుంది. ఇంజిను మొదటి తిప్పుకే అందుకుంది. ఆ చప్పుడు విని ఆయన, పాట బాగుందన్నట్టు తలూపాడు.

పరుగు బాగానే సాగింది. చక్రాలు గడ్డిని వదిలాయి. కంచె కిందనుంచి వెళ్ళిపోయింది, తర్వాత రోడ్డు, రోడ్డవతల గోదాముల రేకు కప్పులు. ఊళ్ళో నీళ్ళ ట్యాంకుకి రెండింతల ఎత్తు వచ్చి ఉంటారు. అప్పుడు ఇంజిను ఒకసారి దగ్గింది. మళ్ళీ అందుకుంది. ఇంకోసారి దగ్గి ఆగిపోయింది. ముందున్న పంకా నెమ్మదించి, అడ్డంగా నిలబడింది. రెక్కల మీద గాలి ఈల ఒక్కటే వినిపిస్తోంది.

ఆమె కర్రని ముందుకి నెట్టింది. ముక్కు దిగింది. ఎడమవైపు గోదాములు. కుడివైపు కరెంటు తీగలు. మధ్యలో, కాస్త అవతలగా, దున్ని వదిలేసిన పొలం. అందులో దిగాలి అని అనుకోవాల్సిన పని కూడా లేకుండా చెయ్యి అటే పోయింది.

అంతలో కర్ర ఆమె మాట వినడం మానేసింది.

విమానం కుడికి ఒరుగుతోంది. ముక్కు లేస్తోంది. ఆమె పక్కకి చూసింది. ఆయన రెండో కర్రని పట్టుకుని తనవైపు లాగుతున్నాడు. మెడ వెనక్కి తిప్పి రన్‌వే వైపు చూస్తున్నాడు.

"తిప్పు. వెనక్కి తిప్పవే. దిగితే ముక్కలైపోతుంది."

"వదలండి."

"ఉంది, అదిగో ఉంది, అందుతుంది, తిప్పు."

"వదలండీ."

వదల్లేదు. ఏళ్ళ తరబడి చెక్కలు కోసిన చెయ్యి అది, పట్టు పట్టిందంటే ఊడదు. విమానం ఒళ్ళంతా వణకడం మొదలైంది. వేగం చచ్చిపోయే ముందు వచ్చే వణుకు అదని ఆమెకి తెలుసు. కర్రని ఎడమచేతికి మార్చుకుని, కుడిచేతి పిడికిలితో ఆయన మణికట్టు మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. మూడో దెబ్బకి పట్టు సడలింది. ఆమె ముక్కు దించి, రెక్కలు సరిచేసి, మళ్ళీ పొలం వైపు తెచ్చింది. కానీ ఆ పెనుగులాటలో పోయిన ఎత్తు పోయింది. పొలం మధ్యలో దిగాల్సింది అంచుకి మాత్రమే చేరింది. అక్కడ కాలవ గట్టు ఉంది. చక్రాలు దానికి కొట్టుకుని ఊడిపోయాయి. విమానం పొట్ట మీద జారి, బురదలో ముక్కు గుచ్చుకుని, సగం తిరిగి ఆగింది. కుడిరెక్క మధ్యకి విరిగి ఆకాశం వైపు లేచింది.

పెట్రోలు వాసన వస్తోంది. ఆమె ముందు ఆయన బెల్టు విప్పింది, తర్వాత తనది. గోదాముల నుంచి పరుగెత్తుకొచ్చినవాళ్ళు ఇద్దర్నీ బయటికి లాగి, దూరంగా గట్టు మీద కూర్చోబెట్టారు. ఎక్కడ అంటుకుంటుందోనని రెక్కల్లో ఉన్న ట్యాంకుల మూతలు తీసి పెట్రోలంతా తోడేశారు. ఆమె గడ్డం చీలి రక్తం జాకెట్టు మీదికి కారుతోంది. ఊపిరి తీస్తే పక్కటెముకలు పొడుస్తున్నాయి. ఆయన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, విరిగిన రెక్క వైపే చూస్తున్నాడు.

ఆసుపత్రికి కూతురు సాయంత్రానికల్లా వచ్చేసింది. తండ్రి మణికట్టు దగ్గర రెండు ఎముకలూ విరిగాయి. లోపల ప్లేటు వేశారు.

"చెయ్యి ఎలా విరిగింది నాన్నా?"

"దిగేటప్పుడు తగిలింది."

పక్క మంచం మీద తల్లి వింటోంది. తన పిడికిలికి విరిగిందో, పొలంలో విరిగిందో ఆమెకీ తెలియదు. డాక్టర్ని అడిగితే చెప్పేవాడేమో. అడగలేదు.

కూతురు మంచినీళ్ళ కోసం బయటికి వెళ్ళినప్పుడు ఆయన మొదటి మాట అన్నాడు.

"నువ్వు తిప్పి ఉంటే రన్‌వే మీద దిగేవాళ్ళం."

"తిప్పి ఉంటే ఇక్కడ ఉండేవాళ్ళం కాదండీ."

"నీకెలా తెలుసు?"

"మీకెలా తెలుసు?"

అక్కడితో ఆగింది.

ఇంటికి వచ్చాక ఒకదాని వెనక ఒకటి. స్కూల్లో ప్రిన్సిపాల్ మేడమ్ ఆమెని పిలిపించి కుర్చీ చూపించింది. ఆ కుర్చీ చూపించడంలోనే సంగతి అర్థమైంది. "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి. పిల్లల తల్లిదండ్రులు అడుగుతున్నారు."

"ఇంజిను ఆగిపోయినదాన్ని నేల మీదికి దింపాను మేడమ్. బస్సు ఎప్పుడూ నేల మీదే ఉంటుంది కదా."

మేడమ్ నవ్వలేదు. ఆమె బస్సు తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చేసింది.

విమాన ప్రమాదాల మీద విచారణ చేసే ఆఫీసరు ఒకాయన వాళ్ళ ఇంటికే వచ్చాడు. ముందుగదిలో కూర్చుని టీ తాగి, నెమ్మదిగా అడుగుతూ రాసుకున్నాడు. ఇంజిను విప్పి చూశామని, లోపం కనిపించలేదని చెప్పాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"గోదాముల దగ్గర ఇద్దరు చూశారమ్మా. విమానం తిన్నగా దిగుతూ దిగుతూ, ఉన్నట్టుండి కుడికి ఒరిగి పైకి లేచి, మళ్ళీ తిన్నగా అయిందన్నారు. ఎందుకలా జరిగింది?"

గాలి అనొచ్చు. ఎదురుగా కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆయన కళ్ళు ఆ మాటే అనమంటున్నాయి. ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"మా ఆయన రెండో కర్ర పట్టుకుని లాగారు. కొట్టి విడిపించాను. ఆ కర్ర ఊడదీయమని మాస్టారు ముందే చెప్పారు. నేను ఊడదీయలేదు. అది నా తప్పు, అలాగే రాసుకోండి."

ఆఫీసరు రాసుకున్నాడు. ఆయన్ని కూడా అడిగాడు. ఆయన కిటికీ వైపు చూస్తూ, "ఆవిడ చెప్పింది కదా," అన్నాడు.

ఆఫీసరు జీపు చప్పుడు వీధి మలుపు దాటాక ఆయన లేచాడు.

"ఇంట్లో మాట ఇంట్లో ఉంచుకోవడం కూడా చేతకాలేదు నీకు."

"అది ఇంట్లో జరగలేదండీ."

"పరాయివాడి ముందు నన్ను పిచ్చివాణ్ణి చేశావు."

"రేపు ఇంకెవరో వాళ్ళ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుంటారు. వాళ్ళకి తెలియొద్దూ?"

"ఊళ్ళోవాళ్ళ సంగతి చూసుకున్నావు. నా సంగతో?"

ఆయన షెడ్డులోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. గొడవ పడితే బాగుండేది, గొడవ కూడా లేదు. ఆమె వంటింట్లోకి వస్తే ఆయన హాల్లోకి వెళ్ళేవాడు. ఆమె హాల్లోకి వస్తే ఆయనకి షెడ్డులో పని గుర్తొచ్చేది. చెప్పాల్సినవి కూతురి మీదుగా ఫోన్లో నడిచేవి.

"అమ్మా, ఇంజెక్షన్లు అయిపోయాయని నీకు చెప్పమన్నాడు నాన్న. పక్క గదిలోనే ఉన్నాడుగా, ఇంత దూరం నుంచి నేను చెప్పడమేంటే?"

"సరేలే, తెస్తానని చెప్పు."

"నేను చెప్పను. నువ్వే వెళ్ళి చెప్పు."

ఆమె చెప్పలేదు. మందుల షాపుకి వెళ్ళి తెచ్చి, ఫ్రిజ్ తలుపులో ఆయనకి కనిపించేలా పెట్టింది.

కట్టు విప్పాక చెయ్యి ముందుకీ వెనక్కీ వంగింది గానీ తిరగలేదు. తాళం తిప్పాలన్నా భుజమంతా తిప్పాలి. చిత్రిక పట్టబోతే రెండు తోపులకే వేళ్ళు మొద్దుబారిపోయేవి. ఒప్పుకున్న తలుపులు ఇంకో వడ్రంగికి అప్పగించాడు. ఎడమచేత్తో పెన్సిలు పట్టుకుని, షెడ్డు గోడకి ఆనించిన ప్లైవుడ్ షీటు మీద అదే బొమ్మ వేస్తుండేవాడు. రన్‌వే, గోదాములు, ఒక వంపు గీత. చెరిపి మళ్ళీ ఆ వంపే వేసేవాడు. ఆయన లేనప్పుడు ఊడవడానికి వెళ్ళి ఆమె చూసింది. ఆ గీత ప్రతిసారీ రన్‌వే మీదే దిగుతోంది. తను తప్పు చేశానేమో అని మొదటిసారి అక్కడే, చీపురు పట్టుకుని, అనుకుంది. రెండు ప్రాణాలు కాపాడానన్న ధైర్యం తప్ప ఆమెకి మిగిలిందేమీ లేదు. అది కూడా కదిలింది.

ఆఫీసరు నివేదిక వచ్చింది. ఇంజిను ఎందుకు ఆగిందో తేలలేదని అందులో ఉంది. పక్క సీటు మనిషి కర్ర లాగిన సంగతి కూడా ఉంది. క్లబ్బులో నలుగురూ చదివారు. ఆయన క్లబ్బు వైపు వెళ్ళడం మానేశాడు.

విరిగిన విమానాన్ని లారీలో తెచ్చి షెడ్డులో పడేసి అప్పటికి నెలలైంది. ఒకరోజు మధ్యాహ్నం ఆమె ఉతికిన బట్టలు ఆరేస్తుంటే షెడ్డు తలుపు తెరుచుకుంది.

"ఒకసారి ఇలా రా," అన్నాడు.

నేరుగా ఆమెతో మాట్లాడి ఎన్నాళ్ళైందో. ఆమె తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వెళ్ళింది.

విరగని ఎడమరెక్కని ఊడదీసి బల్లల మీద బోర్లా పడుకోబెట్టాడు. దాని కిందివైపు చిటికెన వేలంత గొట్టం ఒకటి బయటికి ఉంటుంది. ట్యాంకులోంచి పెట్రోలు దిగుతుంటే ఆ ఖాళీలోకి గాలి చేరాలి కదా, ఆ గాలి వెళ్ళేది దాని గుండానే. గాలి అందకపోతే, మూత బిగించిన డబ్బాకి అడుగున చిల్లు పెట్టినట్టే, కాస్త కారి ఆగిపోతుంది.

"ఊదు," అన్నాడు.

ఆమె వంగి నోరు పెట్టి ఊదింది. బుగ్గలు ఉబ్బాయి గానీ గాలి కదల్లేదు.

ఆయన సన్నటి తీగ దూర్చి గీకాడు. ఎండిన మట్టి పొడిగా రాలింది. తర్వాత వేలి కణుపంత మట్టి ముద్ద ఒకటి ఊడిపడింది. లోపల ఎండిపోయిన పురుగు. మట్టితో గూడు కట్టే కందిరీగ పని. ముసురులో విమానం కదలకుండా పడి ఉన్న రోజుల్లో, ఎవరికీ అక్కర్లేని చోటు దొరికిందనుకుని అది ఇల్లు కట్టుకుంది.

"రెండోదాంట్లో కూడా ఉంది," అన్నాడు. "గోదామువాళ్ళు మూతలు తీసేసరికి గాలి ఆడింది. అందుకే ఆఫీసరు చూసినప్పుడు అంతా బాగానే కనిపించింది."

ఆమె ఆ మట్టి ముద్దని అరచేతిలో పెట్టుకుంది. ఎగిరే ముందు ఆ గొట్టాలు చూసుకోవాల్సింది ఎవరో ఇద్దరికీ తెలుసు. నడిపేవాళ్ళు.

"ఆ రోజు నేల బురదగా ఉంది," అంది. "మోకాళ్ళ మీద కూర్చోవాలి. బట్టలు పాడవుతాయని నిలబడే చెయ్యి పెట్టి తడిమి వదిలేశాను."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"చూస్తూనే ఉన్నాను. సరిగ్గా చూడలేదే అనుకున్నాను. చెప్పలేదు. చెబితే ఇంకాస్త ఆలస్యమవుతుంది. అన్ని రోజుల తర్వాత వాన వెలిసింది. ఎగరాలని తొందర."

ఆమె ఏడ్చింది. ఆయన ఓదార్చడానికి రాలేదు, అలాగని బయటికీ వెళ్ళలేదు. తీగ పక్కన పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆఫీసరుకి ఫోన్ చెయ్యండి," అంది ఆమె.

"నీ పేరు ఎక్కుతుంది."

"మీది ఎక్కలేదా? నాదీ ఎక్కనీండి."

ఆయనే చేశాడు. మట్టి ఎక్కడ దొరికిందో చెప్పాడు. ఎగరబోయే ముందు ఆవిడ సరిగ్గా చూడలేదని, అది చూసి కూడా తను నోరు మూసుకున్నానని చెప్పాడు. ఫోన్ పెట్టేశాక కూడా అటే చూస్తూ ఉన్నాడు.

"ఒకటి చెప్పాలి నీకు," అన్నాడు. "రన్‌వే అందుతుందని లెక్క కట్టి ఏమీ లాగలేదు నేను ఆ రోజు. లెక్కలన్నీ తర్వాత కట్టుకున్నాను. ఆ క్షణంలో రెక్కలు విరుగుతాయన్నదొక్కటే కనిపించింది. పక్కన నువ్వున్నావన్న సంగతే తట్టలేదు. మనిషన్నవాడికి తట్టాలి కదా."

ఆమె మొహం తుడుచుకుంది. ఏదో మంచి మాట చెప్పి తేల్చేయొచ్చు. నోరు రాలేదు.

"నాకూ మీరు తట్టలేదు," అంది. "పొలం ఒక్కటే కనిపించింది. కొట్టేటప్పుడు కూడా అది మీ చెయ్యని అనుకోలేదు."

బయట తీగ మీద సగమే ఆరేసిన బట్టలు.

అంతటితో అన్నీ సర్దుకుపోయాయని చెబితే అబద్ధమవుతుంది. మాటలైతే మొదలయ్యాయి. కానీ ప్లైవుడ్ మీద ఆ వంపు గీత అలాగే ఉంది. దాని సంగతి తేల్చుకోవడానికి ఆయనే ఒకరోజు క్లబ్బుకి వెళ్ళి మాస్టార్ని అడిగాడు. బాగా ఎత్తుకి తీసుకెళ్ళి, ఇంజిను ఆగినట్టుగా చేసి, వెనక్కి తిప్పి చూపించమన్నాడు. అంత ఎత్తులో అయితే తిరగడానికి ప్రమాదం లేదు, ఎంత ఎత్తు పోతుందో మీటరు ముల్లు చూసి చెప్పొచ్చు. మాస్టారు ఏమీ అడగకుండా రెండో కర్ర ఊడదీసి ఎక్కించుకున్నాడు. ఆమె కారులోనే కూర్చుంది. చూడాలనిపించలేదు. నిజం ఏదైనా ఇద్దరిలో ఒకరికి కష్టమే.

అయినా పైన విమానం ఆ మలుపు ఒకటికి మూడుసార్లు తిరగడం కనిపించింది. ఆయన దిగి వచ్చి కారు తలుపు తీసి పక్కన కూర్చున్నాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఎంత?" అంది ఆమె.

"చాలదు," అన్నాడు. "ఆ రోజున్న ఎత్తు మలుపులో సగానికి కూడా చాలదు. మాస్టారంతటివాడు తిప్పితే కూడా."

ఆమె కారు స్టార్ట్ చేయబోయి ఆగింది. ఎన్నో నెలలుగా బిగబట్టుకున్నదేదో వదిలింది. ఆయన ఆమె వైపు చూడకుండా అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తూ, "మెల్లగానే వెళదాంలే," అన్నాడు.

ఆయన చెయ్యి ఇప్పటికీ పూర్తిగా తిరగదు. తలుపులు, కిటికీలు మానేసి, కొలతలు తీసి ఇతరుల చేత పని చేయిస్తాడు. వాళ్ళు చిత్రిక పట్టే తీరు నచ్చక రోజూ సణుగుతాడు. కొత్త విద్యా సంవత్సరంలో ఆమెకి బస్సు తిరిగి ఇచ్చారు, మొదట్లో ఒక ఆయాని కూడా తోడిచ్చి. ఆ ఆయా తన మీద కాపలా అని ఆమెకి తెలుసు, తెలియనట్టే ఉంది. ఎడమరెక్కని, ఇంజినునీ ఎక్కడో విమానం కట్టుకుంటున్న ఒకాయన పట్టుకెళ్ళాడు. మిగిలింది షెడ్డులో గోడకి ఆనించి ఉంది. బాగుచేద్దామని ఆయన అనలేదు, తీసేద్దామని ఆమె అనలేదు.

ఆమె ఎగరడం మానలేదు. ఇది ఆయన కోసం కాదన్న సంగతి ఇప్పుడు ఆమె దాచుకోవాల్సిన పని లేదు. నెలకోసారి, వీలైతే, క్లబ్బు విమానం తీసుకుని ఒంటరిగా పైకి వెళుతుంది. వెళ్ళే ముందు ప్రతి గొట్టమూ మోకాళ్ళ మీద కూర్చుని ఊది చూస్తుంది. పక్కన కూర్చుంటానని ఆయన అడగలేదు. రమ్మని ఆమె కూడా పిలవలేదు. పిలవాలని ఉండి పిలవలేదో, లేకే పిలవలేదో ఆమెకే తెలియదు. తిరిగొచ్చి వాకిట్లో చెప్పులు విడుస్తుంటే లోపలినుంచి అడుగుతాడు.

"గాలి ఎలా ఉంది?"

"పైన కాస్త విసురుగా ఉందండీ."

"ఊ," అంటాడు. ఒక్కోరోజు అక్కడితో ఆపేస్తాడు. ఒక్కోరోజు లేచి వచ్చి, కుర్చీ దగ్గరికి లాక్కుని, ఎటునుంచి వీస్తోందని అడుగుతాడు.